అందరికన్నా వెనక సైకిలు

మా అమ్మాయి హైస్కూల్లో చేరిన ఏడాది, స్కూలు కెఫెటీరియాలో జరిగిన ఒక మీటింగులో నేను చేయి ఎత్తాను. అరటిపళ్లు కోయడానికీ, నీళ్ల సీసాలు అందించడానికీ మనుషులు కావాలంటున్నారనుకున్నాను. ఆ రోజు పొద్దున్నుంచీ ఆఫీసు కాల్స్ ఒకదాని వెంట ఒకటి తగలడంతో కోచ్ చెప్పేదాంట్లో సగం నా చెవిన పడలేదు. తీరా కారెక్కాక మా అమ్మాయి నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు దేనికి సైన్ అప్ చేశావో నీకు తెలుసా?" అంది.

"స్నాక్స్‌కి కదా?"

"నో! రైడ్ చేయడానికి. మాతో. అడవిలో."

మేం ఉండేది జార్జియాలో, కమ్మింగ్ అనే ఊళ్లో. మేం వచ్చిన కొత్తలో ఇంటి వెనక పైన్ చెట్లు ఉండేవి, ఇప్పుడు ఇంకో కాలనీ ఉంది. మా ఆయన పనిచేసే క్లయింటు వేరే రాష్ట్రంలో. ఆదివారం సాయంత్రం ఫ్లైటెక్కితే మళ్లీ గురువారం రాత్రికి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. వంటా, ఆఫీసూ, అమ్మాయి చదువూ వారం పొడుగునా నా ఒక్కదాని మీదే నడిచేవి. మా వీసా కాగితాలు ఎప్పట్లాగే ఏదో ఆఫీసులో ఏదో బల్ల మీద ఉండేవి. నాకు నలభై నాలుగేళ్లు. ఎవరైనా ఎలా ఉన్నావంటే "బిజీ" అనేదాన్ని. అలసిపోయాను అని చెప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మౌంటెన్ బైకింగ్ అంటే ఏమిటో నాకు ఆ వారమే తెలిసింది. రాళ్లూ చెట్ల వేళ్లూ తేలిన సన్నటి కొండదారుల్లో, అడవిలో, లావు టైర్ల సైకిళ్లు తొక్కడం. మా కౌంటీలో, అంటే జిల్లాలో, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలకి టీమ్ ఉంది. మంగళవారం, గురువారం, ఆదివారం సాయంత్రాలు ప్రాక్టీసు. శరత్కాలమంతా పందేలు. పిల్లలను గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపుకీ ముందు ఒక పెద్దమనిషి, వెనక ఇంకొకరు వెళ్లాలి. పెద్దవాళ్లు దొరక్కపోతే ఆ గుంపు ఆ రోజు ఇంటికి పోవాల్సిందే. అందుకే నేను ఎత్తిన చేతిని కోచ్ అంత గట్టిగా పట్టుకుంది. ఆవిడ స్కూల్లో కెమిస్ట్రీ టీచరు. నాకు సరిగా రాదని చెప్పినా వదల్లేదు. "సైకిల్ తొక్కారా ఎప్పుడైనా? చాలు. మీరు వెనక ఉంటారు," అంది.

తొక్కాను. ఒంగోల్లో మా అన్నయ్య సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాను. తర్వాత రెండేళ్లు కాలేజీకి లేడీస్ సైకిలు మీద వెళ్లాను. అంతే. మళ్లీ ఇరవై అయిదేళ్లు దాని ముఖం చూడలేదు.

ఫోన్లో చెప్తే మా ఆయన పగలబడి నవ్వాడు. ఆయనది వరంగల్. "ఏందీ, నువ్వా? అడవిల సైకిల్ తొక్కుతవా?" వద్దంటాడేమో, ఆ వంకతో మానేయొచ్చని నాలో ఒక ఆశ ఉండేది. నవ్వు ఆగాక, "హెల్మెట్ మాత్రం మంచిది తీస్కో," అన్నాడు.

మొదటి రోజు పార్కింగ్ లాట్‌లో ఒక పాత పికప్ ట్రక్కు కిందికి దించిన వెనక తలుపు మీద కూర్చుని ఒకాయన బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. డెబ్బై దాటి ఉంటాడు. పొట్టిగా కత్తిరించిన తెల్ల గడ్డం. మోచేతుల దాకా పాత గాట్లు. ఎప్పుడో విరిగి అతికినట్టు ఒక భుజం రెండో దానికంటే కిందికి ఉంది. కోచ్ నన్ను ఆయనకి అప్పగించి వెళ్లిపోయింది. టీమ్ వాళ్లు నాకిచ్చిన సెకండ్‌హ్యాండ్ సైకిలును ఆయన ఒకసారి ఎగాదిగా చూసి, బొటనవేలితో టైరు నొక్కి, సగం గాలి తీసేశాడు.

"గాలి పోతోందండీ," అన్నాను కంగారుగా.

"పోవాలి. మనం వెళ్లేది రోడ్డు మీదికి కాదు. గట్టి టైరు రాయి మీద ఎగురుతుంది, మెత్తటి టైరు రాయిని పట్టుకుంటుంది."

ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. కానీ అడవిలో విన్న మాటలు నాకెందుకో తెలుగులోనే గుర్తుండిపోయాయి.

తర్వాత నా సీటు కిందికి దించాడు. మాది అన్నిటికన్నా నెమ్మది గుంపు, ఆరుగురు పిల్లలు. అందరికన్నా వెనక వెళ్లేవాళ్లను ఇక్కడ స్వీప్ అంటారు, ఊడ్చుకొచ్చే మనిషన్నమాట. మా గుంపు స్వీప్ ఆయన. ఆయన పక్కన నేను, నేర్చుకునేదాకా.

ఆ సాయంత్రం మూడుసార్లు పడ్డాను. ఒకసారి వేరు మీద జారి, ఒకసారి ఊరికే నిలబడిన చోటే పక్కకి ఒరిగి, మూడోసారి పాయిజన్ ఐవీ తీగల్లోకి. ఆ తీగ తగిలితే ఒళ్లంతా దద్దుర్లొస్తాయని నాకు తెలీదు. మర్నాడు తెలిసింది. రెండు వారాలు ఆఫీసు కాల్స్‌లో కెమెరా ఆపేసి మోకాళ్లు గోక్కుంటూ కూర్చున్నాను. అయినా మళ్లీ వెళ్లాను. ఆయన రాలేని రోజున నేను కూడా లేకపోతే ఆ ఆరుగురూ పార్కింగ్ లాట్‌లో నిలబడిపోతారని కోచ్ మెసేజ్ పెట్టింది. నా వల్ల ఎవరి పనైనా ఆగిపోతుందంటే ఊరుకోలేను. ఉద్యోగం నేర్పిన రోగం అది.

ఆయన నేర్పే పద్ధతిలో మాటలు తక్కువ. దిగుడు వచ్చినప్పుడు రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో పెట్టి నిలబడమనేవాడు. మోకాళ్లు వంచి, నడుం సీటు వెనక్కి జరపమనేవాడు. బ్రేకు మీద ఒక్క వేలే. "కూర్చుని దిగాలంటే కారుంది," అనేవాడు. నేను భయంతో కూర్చుండిపోతే కోప్పడేవాడు కాదు, మళ్లీ పైకి నడిపించేవాడు. అలా పైకి నెట్టుకుంటూ నడిచేటప్పుడే నాకు ఏడుపొచ్చేది. ఒంట్లో ఉన్న బరువంతా సైకిలుదే అనిపించేది.

మా గుంపులో అందరికన్నా వెనకబడేది ఒక ఆరో తరగతి పిల్ల. కళ్లజోడు, సన్నటి చేతులు. ప్రతి ఎక్కుడు దగ్గరా దిగిపోయేది. ఆయన కూడా దిగి తన సైకిలు నడిపించుకుంటూ ఆ పిల్ల పక్కన నడిచేవాడు. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా మేం ముగ్గురం ఏదో ఒక దుంగ మీద కూర్చునేవాళ్లం. ఆ దుంగల మీదే నేను ఈ ఆట కథ విన్నాను, ముక్కలు ముక్కలుగా, ఆ సీజన్ పొడుగునా.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఆయన కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో వంతెనకి ఉత్తరాన ఒక కొండ కింద చిన్న ఊళ్లో ఉండేవాడు. పంతొమ్మిదేళ్లవాడు, సైకిలు రిపేరు షాపులో పని. రోడ్డు పందేలాడే కుర్రాళ్లు కొంతమంది ఉండేవాళ్లు. వాళ్లకి విసుగేసి, పాత సామాన్ల కొట్లలో పడి ఉన్న పెద్ద బరువు సైకిళ్లను పోగేశారు. వాళ్ల తాతల కాలంలో పిల్లలు పేపర్లు వేసిన సైకిళ్లవి. లావు టైర్లు, ఒకటే గేరు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం ఇరుసులో పడే బ్రేకు, అదొక్కటే. వాటిని ట్రక్కులో వేసుకుని కొండ మీదికి తీసుకెళ్లి, అడవి మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టిదారి వెంట కిందికి వదిలేసేవాళ్లు.

"కిందికి వచ్చేసరికి ఇరుసు నిప్పులా కాలేది. లోపలున్న గ్రీజంతా పొగైపోయేది," అన్నాడు. "ఇంకోసారి దిగాలంటే దాన్ని విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. మా సాయంత్రాలన్నీ అలా నల్లటి చేతులతోనే గడిచిపోయాయి."

"భయం వేయలేదా మీకు?" అని ఆ పిల్ల అడిగింది.

"అప్పటికి నాకు ఏ ఎముకా విరగలేదు. విరిగాక వేసింది."

ఆ డొక్కు సైకిళ్లు నెలకొకటి విరిగేవట. ఒకడు దూరప్రయాణాల సైకిలు గేర్లు తెచ్చి వాటికి బిగించాడు. ఇంకొకడు మోటారుసైకిలు బ్రేకు మీటలు పెట్టాడు. గేర్లు వచ్చాక తొక్కుకుంటూ కొండ ఎక్కొచ్చని తెలిసింది, ట్రక్కు అవసరం లేకపోయింది. తర్వాత పాత ఫ్రేములు చాలక, ఈ పని కోసమే కొత్త ఫ్రేము అతికించేవాళ్లు వచ్చారు. కొలరాడోలో ఇంకో కొండూళ్లో వాళ్లూ అదే సమయంలో అలాంటి సైకిళ్ల మీద కనుమ దాటుతున్నారట.

"ఎవరు మొదలన్నదాని మీద ఇప్పటికీ దెబ్బలాడుకుంటారు. నాకు ఓపిక లేదు," అన్నాడాయన. "ఆడపిల్లలు కూడా ఉండేవాళ్లు మాతో. వాళ్ల సంగతి ఎవరూ చెప్పరు."

కొన్నేళ్లకే పెద్ద కంపెనీలు అలాంటి సైకిళ్లను వేలకు వేలు చేయడం మొదలుపెట్టాయి. ఆయన పనిచేసిన షాపులో రోడ్డు సైకిళ్లు వెనక గదిలోకి పోయాయి. జనం పెరిగారు. నడిచేవాళ్లూ గుర్రాలవాళ్లూ ఫిర్యాదులు చేస్తే చాలా దారుల్లోకి సైకిళ్లు రావద్దన్నారు. "మేం పుట్టించిన ఆటని మా కొండ మీదే ఆడొద్దన్నారు," అని నవ్వాడు. అప్పుడే వాళ్లలో కొందరు పార పట్టారు. నేల కోసుకుపోకుండా, వాన నీళ్లు పక్కకి జారేలా దారి ఎలా వేయాలో నేర్చుకున్నారు. దారులు కాపాడతామని చూపిస్తేగానీ లోపలికి రానివ్వలేదు.

తొంభై ఆరులో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటని మొదటిసారి ఆడించారు. ఆయన ఆ పని కోసమే జార్జియా వచ్చాడు. పందెం జరిగే దారిలో ఒక మలుపు దగ్గర పారతో మట్టి సర్దాడు. ఇక్కడే ఒక నర్సుని పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఒక్కతే కూతురు, ఒరెగాన్‌లో ఉంటుంది. మేం తొక్కే ఈ అడవిదారి ఆయనా ఇంకో పదిమందీ కలిసి చాలా చలికాలాలు పట్టి తవ్వినదే.

"ఒలింపిక్స్ చూసినప్పుడు ఎలా అనిపించింది?" అని అడిగాను.

"వేడి. జులై కదా. అదే గుర్తుంది." దుంగ మీది నుంచి లేస్తూ, "ఆ రోజు నుంచీ కొంచెం అలసటగానే ఉంది," అన్నాడు.

నాకు ఆ మాట అర్థమైంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలూ తల్లిదండ్రులూ, గుండె కొట్టుకోవడం లెక్కబెట్టే గడియారాలూ, మోటార్లు బిగించిన సైకిళ్లూ నిండిన ఆ పార్కింగ్ లాట్‌లో ఆయన ఎవరి మీదా చిరాకు పడగా నేను చూడలేదు. మధ్యలో నిలబడి ఉండేవాడు, అంతే. నేను ఆఫీసు మీటింగుల్లో ఉండేది అలాగే.

మొదటి సీజన్ అయ్యేసరికి పడటం తగ్గింది. మా అమ్మాయి నాకంటే చాలా ముందు గుంపులోకి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చి ఇద్దరం బురద సాక్సులు గరాజ్‌లో విడిచి, పెరుగన్నం తిని పడుకునేవాళ్లం. మేం ఎక్కువ మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనే, అదీ సైకిలు గురించే.

రెండో సీజన్ సెప్టెంబరులో, దారి రెండుగా చీలే ఒక చోట ఆయన ఆగాడు.

"నువ్వు ముందు పద. దారి నువ్వూ నేర్చుకోవాలి కదా."

నాకు గర్వంగా అనిపించింది. ఎడమవైపు తిరిగాను. ఆయన నా వెనక వచ్చాడు. తర్వాతి చీలిక దగ్గరా అలాగే అన్నాడు. గురువారమూ అంతే. రెండు వారాలు పోయాక గమనించాను. ఏ చీలిక దగ్గరా ఆయన ముందు వెళ్లడంలేదు. నా చక్రం ఎటు తిరుగుతుందో చూసి తిరుగుతున్నాడు. ఇరుసు పొగలు కక్కిన కథ ఒక్క సాయంత్రంలో రెండుసార్లు చెప్పాడు. కళ్లజోడు పిల్ల ఏడో తరగతికి వచ్చింది. ఒకరోజు ఆ పిల్లని తన కూతురి పేరుతో పిలిచాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కిందికి చూశాను.

ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఒక తప్పు మూడుసార్లు వస్తే దానికో కారణముంటుందని నాకు తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ తర్వాత ఏదో ఒకటి చేయాలి. ఆ ఏదో ఒకటి చేసే శక్తి నాలో లేదు. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

అక్టోబరులో ఒక గురువారం ఎక్కుడు మధ్యలో నా సైకిలు చెయిన్ తెగింది. నాతో ఇంకో అమ్మాయి ఆగింది. "మీరు నెమ్మదిగా రండి, మేం నడుస్తుంటాం," అని ఆయన కళ్లజోడు పిల్లని తీసుకుని ముందుకి వెళ్లాడు. మిగతా నలుగురూ అప్పటికే ముందున్న పెద్దమనిషితో వెళ్లిపోయారు. నేను సైకిలు నడిపించుకుంటూ పార్కింగ్ లాట్ చేరేసరికి అందరూ ఉన్నారు, ఆ ఇద్దరు తప్ప.

పది నిమిషాలు చూశాం. ఆ పిల్ల తల్లి కారు దిగి నిలబడింది. పొద్దు చెట్ల వెనక్కి దిగుతోంది. కోచ్ మొహం మారిపోయింది. మా అమ్మాయి హెల్మెట్ మళ్లీ పెట్టుకుని, "అమ్మా, నా దగ్గర లైట్ ఉంది, నేనూ వస్తా," అంది. నేను ఎవరిదో సైకిలు తీసుకున్నాను. కోచ్‌తో కలిపి ముగ్గురం లోపలికి వెళ్లాం. అంత వేగంగా నేను అంతకుముందు ఎప్పుడూ తొక్కలేదు. భయపడటానికి కూడా వ్యవధి లేదు.

మూడో చీలిక దగ్గర మా అమ్మాయి చూసింది, కుడివైపు వాడుకలో లేని దారిలో మెత్తటి మట్టి మీద రెండు టైరు గుర్తులు. ఆకులు కప్పేసిన దారి అది. అటే వెళ్లాం. అడవి ఒక్కసారిగా అయిపోయింది. ఎదురుగా నల్లటి ప్లాస్టిక్ గుడ్డ కట్టిన కంచె, దాని అవతల బుల్డోజర్లు చదును చేసిన ఎర్రమట్టి నేల. కొత్త ఇళ్లకు ప్లాట్లు వేస్తున్నారు. ఆ పిల్ల ఒక రాయి మీద కూర్చుని ఉంది, ఆయన జాకెట్ కప్పుకుని. ఏడుస్తోంది గానీ చప్పుడు లేదు. ఆయన కంచె దగ్గర నిలబడి ఆ నేల వైపు చూస్తున్నాడు.

"ఇక్కడ వంతెన ఉండాలి," అన్నాడు నన్ను చూసి. "నేనే వేశాను. వాగు మీద చెక్క వంతెన. దాటితే పార్కింగ్ అయిదు నిమిషాలు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పదేళ్ల కిందట ఆ వంతెన ఉండేదని కోచ్ తర్వాత చెప్పింది. వాగుని కూడా గొట్టాల్లోకి మళ్లించేశారు.

పిల్లకి దెబ్బలేం తగల్లేదు. పార్కింగ్ లాట్‌కి వచ్చాక ఆయన నవ్వుతూ, "ఇళ్లు కట్టేవాళ్లు నా దారి మింగేశారు," అన్నాడు. తల్లిదండ్రులు కూడా నవ్వారు, బరువు దిగినట్టు. కోచ్ మాత్రం నన్ను పక్కకి తీసుకెళ్లింది.

"రోజూ వెంట ఉండేది మీరే. ఆయన బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారు," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. మా అమ్మాయి రెండడుగుల దూరంలో సైకిలు కారుకి తగిలిస్తోంది. తనకి వినబడింది. ఇంటికి వచ్చేదాకా కారు కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

మర్నాడు శుక్రవారం, మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నం టీ పెడుతూ అంతా చెప్పేశాను. కప్పు కింద పెట్టి విన్నాడు.

"చెప్పాలె. ఇంకో పిల్లకి ఏమన్న అయితే నువ్వు తట్టుకుంటవా?"

"ఆయనకి అదొక్కటే ఉంది. అది తీసేస్తే ఏం మిగుల్తుంది?"

"నువ్వు తీస్తలేవు. అదే పోతుంది." కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుని, "ముందుగాల ఆయనకే చెప్పు. వెనక మాట్లాడితే బాగుండదు," అన్నాడు.

శనివారాలు ఆయన ఒక్కడే దారి బాగుచేయడానికి వెళ్లేవాడు. నేనూ వెళ్లాను. వాన నీళ్లు పోయే కాలవలో నిండిన ఆకులు గీరుతున్నాడు. నన్ను చూసి రెండో పార చూపించాడు. పావుగంట ఇద్దరం గీరాం. తర్వాత చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. చీలికల గురించి చెప్పాను, పేరు గురించి చెప్పాను.

ఆయన పార నేలకి ఆనించి నా వైపు చూశాడు. ఆయన కళ్లల్లో అంత కోపం అదే మొదటిసారి చూడటం.

"నాకు చెప్పడానికి ఎవరు నువ్వు? ఏడాది కిందట నిలబెట్టిన సైకిలు మీద నుంచి పడ్డావు నువ్వు."

"అవును."

"ఈ దారిలో ప్రతి మలుపూ నేను వేశాను."

"తెలుసండీ."

మళ్లీ గీరడం మొదలుపెట్టాడు, ముందుకంటే గట్టిగా. చాలాసేపు గీరాడు. నేను వెళ్లిపోదామా అనుకుంటుండగా, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎప్పటి నుంచి చూశావు?"

"సెప్టెంబరు నుంచి."

"నాకు జులైలోనే అనుమానం వచ్చింది," అన్నాడు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. మర్నాటి ప్రాక్టీసుకి రాననీ, సోమవారం తనే కోచ్‌కి ఫోన్ చేసి చెప్తాననీ అన్నాడు. నేను సరేనన్నాను. ఇంటికి వస్తూ దారిలో కారు ఒక పక్కన ఆపుకుని కళ్లు మూసుకున్నాను.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆయన హెల్మెట్ పెట్టుకుని, సైకిలు పట్టుకుని, మా పిల్లలతో నిలబడి ఉన్నాడు. కోచ్‌కి ఏ ఫోనూ రాలేదు. మర్చిపోయాడో, మనసు మార్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. నన్ను చూసి మామూలుగా చేయి ఊపాడు. అయినా కోచ్ దగ్గరికి వెళ్లి, మొన్న నేను చెప్పింది నిజం కాదని చెప్పాను. మిగతాది కూడా చెప్పాను. అటువైపు నుంచి ఆయన మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

కోచ్ వెళ్లి ఆయనతో మాట్లాడింది, భుజం మీద చేయి వేసి. ఆయన వాదించలేదు. సైకిలు ట్రక్కులోకి ఎక్కించి, వెనక తలుపు మూశాడు. కోచ్ భర్త ఆయన తాళాలు తీసుకుని ట్రక్కు నడుపుకుంటూ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాడు. పక్క సీట్లో కూర్చున్న ఆయన నా వైపు తిరగలేదు. కళ్లజోడు పిల్ల నన్నడిగింది, "ఆయన నా వల్ల వెళ్లిపోతున్నారా?"

"కాదమ్మా. నీ వల్ల కాదు."

ఆ రోజు పిల్లలతో వెనక నేనొక్కదాన్నే వెళ్లాను. చీలికల దగ్గర నా చక్రం సరిగ్గానే తిరిగింది. తిరుగుతున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వారమే కోచ్ ఆయన కూతురికి ఫోన్ చేసింది. ఆవిడ ఒరెగాన్ నుంచి వచ్చింది, డాక్టర్ల దగ్గరికి తిప్పింది. సీజన్ చివరి పందేనికి ఆయన్ని తీసుకొచ్చి ఒక ఎక్కుడు పక్కన మడత కుర్చీలో కూర్చోబెట్టింది. నేను దగ్గరికి వెళ్లడానికి చాలాసేపు వెనకాడాను. వెళ్తే, పక్కన గడ్డి మీద చోటు చూపించాడు. ఆ శనివారం ఆయనకి గుర్తుందా, మర్చిపోయాడా, క్షమించాడా? ఏదీ అడగలేదు. మా అమ్మాయి ముప్ఫై ఎన్నో స్థానంలో మూలుగుతూ ఎక్కుతుంటే, "తల పైకెత్తు! గేరు దించు!" అని ఆయన లేచి నిలబడి అరిచాడు. అమ్మాయి గేరు దించింది. ఇద్దరిని దాటింది.

ఆయన కూతురు నా పక్కన కూర్చుని, "నాన్న ఫోన్లో ఏం తేడాగా మాట్లాడలేదు. నాకు తెలియనే లేదు," అంది. ఆవిడ మొహంలోనూ చాలా రోజుల నిద్ర బాకీ ఉంది. "చెప్పినందుకు థాంక్స్," అంది. నేను తల ఊపాను. ఆలస్యంగా చెప్పానని అనలేకపోయాను.

డిసెంబరులో ఆయన్ని ఒరెగాన్ తీసుకెళ్లిపోయింది. పార, ఆకులు గీరే దంతెల పార, కొమ్మలు కోసే రంపం మా గరాజ్‌లో పెట్టి వెళ్లారు. ఆవిడ అప్పుడప్పుడు ఫోటో పంపుతుంది. ఒక దాంట్లో ఆయన వాన కోటు వేసుకుని పెద్ద పెద్ద చెట్ల మధ్య నిలబడి ఉన్నాడు, సైకిలు లేకుండా. బాగానే ఉన్నాడనిపించింది. ఫోటోలో అంతకన్నా తెలియదు.

ఈ ఏడాది మా టీమ్‌లో పిల్లలు ఇంకా పెరిగారు. ఒక టీమ్‌ని రెండు చేశారు. కెఫెటీరియాలో కుర్చీలు చాలక తండ్రులు గోడ వారగా నిలబడ్డారు. వెనక వెళ్లే పెద్దవాళ్లకి నేర్పే పని కోచ్ నాకు అప్పగించింది. కాదనడానికి ఎక్కువ మాటలు కావాలి. సరేనన్నాను.

మొదటి ఆదివారం వచ్చినవాళ్లలో ఈమధ్యే హెర్న్‌డన్ అనే ఊరి నుంచి మారిన ఒకావిడ ఉంది. మన తెలుగావిడే. చేతిలో ఇంకా ట్యాగ్ తీయని హెల్మెట్ ఉంది.

"మీకు భయం వేయదా అండీ?" అని మెల్లగా అడిగింది.

"వేస్తుంది."

"మరి ఎలా చేస్తున్నారు? జాబ్, ఇల్లు, మళ్లీ ఇదీ?"

ఆ పొద్దున నాలుగింటికే ఆఫీసు ఫోనుతో లేచాను, నడుం పట్టేసి ఉంది. ఆరుగురు పిల్లలు అప్పటికే సైకిళ్లెక్కి మా వైపు చూస్తున్నారు. "అలసట బాగానే ఉంటుందండీ," అన్నాను. "ఇవాళ చిన్న దారిలోనే వెళ్దాం. మధ్యలో రెండు చోట్ల దిగి నడవొచ్చు. మీ సైకిలు ఒకసారి ఇటు తిప్పండి, సీటు కొంచెం దించాలి."